పర్లాకిమిడి విడిచిన పంతులుగారు

అరకు లోయకు వెళ్ళి వచ్చినవారిని యేం చూశారని అడగండి. బొర్రా గుహల సంగతి చెబుతారు, కాఫీ తోటల సంగతి చెబుతారు, రైలు దాటిన సొరంగాలు యెన్నో పిల్లలు వేళ్ళమీద లెక్క పెట్టి చెబుతారు. థింసా ఆట చూశామని, ఆడవాళ్ళు ఒకరి నడుము వెనక ఒకరు చేతులు పెనవేసుకొని వలయంగా తిరుగుతూ పాట పాడారని కూడా చెబుతారు. ఆ పాట యే భాషలో వున్నదని అడిగితే మాత్రం, "అదేదో కొండభాష లెండి" అని వూరుకుంటారు.

కొండభాష అనేది ఒకటి కాదు. ఆ లోయ చుట్టుపక్కల కొండల్లోనే ఖోందులు మాట్లాడే కువి వున్నది. అది మన తెలుగుకు చుట్టమే, ద్రావిడ భాష. ఒడియాకు దగ్గరి మాట వున్నది. గదబలలో కొందరు మాట్లాడే గుతోబ్ వున్నది. ఈ గుతోబ్‌కు తెలుగుతోగాని ఒడియాతోగాని పుట్టుకచేత యే సంబంధమూ లేదు. దాని బంధువులు సంతాలీ, ముండారీ. ఇంకా దూరపు బంధువులను వెదుక్కుంటూ పోతే కంబోడియాలోని ఖ్మేరు భాష దాకా పోవలసి వుంటుంది. అరకు నుంచి కొండవరసలను పట్టుకొని యీశాన్యంగా సాలూరు, పార్వతీపురం, సీతంపేట, గుణుపురం మీదుగా మహేంద్రగిరి వైపు నడిస్తే యీ గుతోబ్‌కు తోబుట్టువు లాంటి భాష ఒకటి వినబడుతుంది. అది సవర. 2011 జనాభా లెక్కల్లో నాలుగు లక్షల పైచిలుకు మంది తమ భాష యిదేనని రాయించుకున్నారు.

ఆ సవరభాషకు వ్యాకరణమూ నిఘంటువులూ నిర్మించిన మహాశయుడు మన తెలుగు పంతులుగారే. ఆగస్టు 29వ తేదీ వచ్చేసరికి మనం తెలుగు భాషా దినోత్సవం పేరుతో దండవేసి స్మరించే గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారే ఆయన. వ్యావహారిక భాష కోసం పండితులతో ఆయన చేసిన యుద్ధం పాఠకులు యెరిగినదే. ఆ యుద్ధం వెలుగులో ఆయన జీవితంలోని రెండు ముఖ్య విషయాలు మరుగున పడ్డాయి. మొదటిది సవరల కోసం ఆయన పడ్డ పాటు. రెండవది, డెబ్బైమూడో యేట ఆయన యిల్లు విడిచి వెళ్ళడం.

రామమూర్తిగారు 1863లో శ్రీకాకుళం ప్రాంతాన, వంశధార ఒడ్డున, ముఖలింగానికి దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. ముఖలింగేశ్వరుడికి మధుకేశ్వరుడని మరో పేరు. మధూకమంటే యిప్పచెట్టు. ఆ చెట్టుకూ సవరలకూ ముడిపెట్టి చెప్పే స్థలకథ ఆ చుట్టుపక్కల పిల్లలందరికీ తెలుసు. కనుక కొండల్లో సవరలుంటారన్న మాట ఆయనకు పుస్తకాల ద్వారా తెలిసినది కాదు. పన్నెండో యేట తండ్రి వీర్రాజుగారు చోడవరంలో విషజ్వరంతో పోయారు. విశాఖపట్నంలో మేనమామగారింట వుండి చదువుకొని, 1879లో మెట్రిక్యులేషను ప్యాసై, మరుసటి యేడు పర్లాకిమిడి రాజావారి స్కూల్లో ఉపాధ్యాయుడుగా చేరారు. అప్పటికి ఆయనకు పదిహేడేళ్ళు. ఆ వూరే ఆయన వూరైంది. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా చదివి ఎఫ్.ఏ., తరవాత బి.ఏ. ప్యాసయ్యారు. ముఖలింగం గుడిగోడల మీది శాసనాలు చదవాలన్న పట్టుదలతో పాత లిపులు తమంతట తామే నేర్చుకున్నారు. గంగరాజుల కళింగనగరం యీ ముఖలింగమేనని ఎపిగ్రాఫియా ఇండికాలో రాసి వాదించిన బడిపంతులు ఆయన.

పర్లాకిమిడి కొండలకు గుమ్మం లాంటి వూరు. సంతరోజున సవరలు కొండదిగి చింతపండు, పసుపు, విస్తరాకులు తెచ్చి అమ్ముకొని, ఉప్పూ గుడ్డా కొనుక్కుపోయేవారు. బేరం నడిచేది దుబాసీల ద్వారా. అవతలివాడి లెక్క యితనికి తెలియదు. యితని గోడు అవతలివాడికి అక్కరలేదు. కోర్టు కచేరీల్లోనూ అంతే. మధ్యవాడు చెప్పిందే సాక్ష్యం, మధ్యవాడు చెప్పిందే తీర్పు. నోరున్నవాడు మూగవాడుగా నిలబడవలసిన యీ స్థితి చూసిన ఉద్యోగులు ఆ రోజుల్లో చాలామందే వుండి వుంటారు. చూసి వూరుకోలేకపోయినవారు రామమూర్తిగారు.

ఆయన చేసిన పని యిది. తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషి నొకణ్ణి యింట్లోనే పెట్టుకొని, అన్నం పెట్టి, అతని నోట సవర నేర్చుకున్నారు. అంతటితో ఆగక కొండలెక్కారు. సెలవు దొరికితే చాలు సవరపల్లెలే. సవర మాటలను తెలుగు అక్షరాల్లో రాసి వాచకాలు తయారు చేశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి, పంతుళ్ళకు జీతాలిచ్చి, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించారు. మద్రాసు ప్రభుత్వం వారు మెచ్చుకొని పారితోషికం యివ్వబోతే, ఆ సొమ్ముతో మంచి బడి ఒకటి పెట్టి మీరే నడపండి అన్నారట. ఒక స్కూలు మేస్టరు సంసారంలో ఆ పారితోషికం ఎంత అక్కరకు వచ్చేదో చెప్పనక్కరలేదు. వారి యింటి ఆడవారు యీ మాట విని యేమనుకున్నారో యే పుస్తకంలోనూ లేదు. అది కూడా యెవరైనా రాసిపెట్టి వుంటే బాగుండేది.

మన్యం ఎవరికీ వూరికే ఏమీ యివ్వదు. కొండజ్వరం ఆయనను పట్టుకున్నది. దానికి మందు క్వినైను. విపరీతంగా క్వినైను మింగడంవల్ల చెవుడు వచ్చిందని చెబుతారు. మనుషుల నోటి ధ్వనులను తూచి తూచి రాసుకోవడమే పనిగా పెట్టుకున్నవాడికి చెవులు పోవడం యెటువంటిదో ఆలోచించండి. ఆయన పని మానలేదు. కుమారుడు గిడుగు సీతాపతిగారు చేదోడుగా నిలిచారు. సీతాపతిగారు తరవాత తామే గొప్ప భాషావేత్త, సాహిత్య చరిత్రకారుడు అయ్యారు.

సవరభాష యెంత చిత్రమైనదో రుచి చూపకుండా ముందుకు పోవడం న్యాయం కాదు. "పులి నిన్ను పట్టుకుంటుంది" అని మనం మూడు మాటల్లో చెప్పే సంగతిని సవరవాడు ఒకే మాటలో "ఞమ్‌కిద్‌తమ్" అంటాడు. "ఞమ్" అంటే పట్టడం, "కిద్" పులి, చివర "అమ్" నిన్ను. పులి కాస్తా క్రియ కడుపులో దూరిపోయింది! కర్తను యిలా క్రియలో యిమిడ్చే భాషలు ప్రపంచంలో అరుదు కనుకనే పంతులుగారి వ్యాకరణంలోని ఉదాహరణలను విదేశాల భాషాశాస్త్రజ్ఞులు ఈనాటికీ ఎత్తి చూపుతుంటారు. అన్నట్టు, చిన్నప్పుడు మనం వర్ణమాలలో బట్టీపట్టి, ఆ తరవాత జన్మలో విడిగా వాడని "ఞ" అక్షరానికి సవరలో చేతినిండా పని వున్నది. ఇక లెక్క సంగతి. మనకు పదితో మొదటి మెట్టు ముగుస్తుంది. వారికి పన్నెండుతో. పదమూడంటే పన్నెండూ ఒకటి. ఇరవై రెండో మెట్టు. ముప్ఫైమూడు కావాలంటే యిరవై, పన్నెండు, ఒకటి. తొంభైమూడంటే నాలుగు యిరవైలు, పన్నెండు, ఒకటి. ఈ లెక్క తెలియని పంతులు సవర పిల్లవాణ్ణి "పదమూడు కూడా చెప్పలేవురా!" అని కూకలేస్తే, మొద్దు అనవలసింది పిల్లవాణ్ణి కాదు.

మాట మధ్యలో గొంతు టక్కున మూతపడి తెరుచుకునే ధ్వని ఒకటి సవరలో వున్నది. తెలుగులో దానికి అక్షరం లేదు. అందుకని వ్యాకరణానికీ నిఘంటువులకూ పంతులుగారు పాశ్చాత్యుల ధ్వనిలిపి పద్ధతిని పట్టుకున్నారు. సవర వ్యాకరణం 1931లోనూ, ఇంగ్లీషు–సవర నిఘంటువు 1933లోనూ మద్రాసులో అచ్చయ్యాయి. రావుసాహెబ్ బిరుదూ, కైజర్–ఇ–హింద్ పతకమూ వచ్చాయి.

ఇక్కడ నా సొంత అభిప్రాయం ఒకటి చెబుతాను. ఒప్పుకోనివారు ఒప్పుకోకపోవచ్చు. రామమూర్తిగారి వ్యావహారిక వాదానికి మూలం హెన్రీ స్వీట్, యెస్పర్సన్ మొదలైనవారి గ్రంథాలని చెప్పడం రివాజు. ఆ గ్రంథాలు ఆయన చదివిన మాట నిజమే. స్కూళ్ళ తనిఖీకి వచ్చిన యేట్సు దొర అడిగిన ప్రశ్నలూ, గురజాడవారి స్నేహమూ తోడయ్యాయి. కాని ఆయన అసలు గురువులు సవరలని నాకు తోస్తుంది. సవరలకు కావ్యాలు లేవు, లక్షణగ్రంథం లేదు, ఇది సాధువు అది అసాధువు అని గీత గీసే పండితుడు లేడు. అయినా వారి మాటలో నియమం తప్పదు. ఎవరూ రాయని నియమం ఎనిమిదేళ్ళ పిల్ల నోట కూడా తప్పకుండా నడుస్తున్నది. ఈ సంగతి కళ్ళారా చూసినవాడు తిరిగి వచ్చి, తన యింట్లో తన వాళ్ళు మాట్లాడే తెలుగును "గ్రామ్యం" అని తోసిపుచ్చితే యెలా వూరుకుంటాడు? 1911లో ఉద్యోగం విరమించిన తరవాత ఆయన కోస్తా జిల్లాలన్నీ తిరిగి సభలు పెట్టారు. 1919లో "తెలుగు" అనే పత్రిక నడిపారు. జయంతి రామయ్య పంతులుగారి వంటి ఉద్దండులతో వాదించారు. ఆ కథ వేరే పెద్ద కథ, చాలామంది చెప్పారు.

ఇక రెండవ సంగతి.

ఒడియావారు తమకొక ప్రత్యేక రాష్ట్రం కావాలని 1903 నుంచీ ఆందోళన చేస్తూ వచ్చారు. గంజాం జిల్లాలో మద్రాసు ప్రభుత్వం కింద, తెలుగు గుమాస్తాల మధ్య నలిగిన ఒడియావారి కష్టం కల్పన కాదు. మనం 1953లో ఆంధ్ర రాష్ట్రం తెచ్చుకున్నది కూడా ఆ న్యాయం మీదనే కదా! పేచీ వచ్చింది హద్దు దగ్గర. రెండు భాషలూ కలగలిసిన వూళ్ళను యెటు చేర్చాలి? 1931లో ఓడొనెల్ అధ్యక్షుడుగా హద్దుల కమిటీ యేర్పడింది. పర్లాకిమిడి రాజా శ్రీ కృష్ణచంద్ర గజపతి నారాయణ దేవ్ ఒడిశా ఉద్యమానికి పెద్ద దిక్కు. తన రాజధాని ఒడిశాలో వుండాలని ఆయన పట్టు. పట్నంలో తెలుగువారు యెక్కువ, కనుక యిక్కడే వుండాలని తెలుగువారి పట్టు. ఆ తెలుగువారికి ముందు నిలబడినవారు రామమూర్తిగారు. ముప్ఫై యేళ్ళకు పైగా ఆ సంస్థానం స్కూల్లో, కాలేజీలో జీతం తీసుకున్నవాడు, ఏడు పదులు దాటిన వయస్సులో, ఆ రాజావారి కోరికకే యెదురు నిలిచారు. 1933 నాటి శ్వేతపత్రంలో పర్లాకిమిడి ఒడిశాలో లేదు. తెలుగువారు వూపిరి పీల్చుకున్నారు. మరుసటి యేడు లండన్‌లో పార్లమెంటు సంయుక్త సంఘం దాన్ని తిరగేసింది. జమీందారీలోని తెలుగు భాగం చాలావరకు మద్రాసు రాష్ట్రంలో నిలిచింది గాని, పట్నం అటు పోయింది.

1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిశా రాష్ట్రం అవతరించింది. ఆ ఉదయమే పంతులుగారు యేళ్ళ తరబడి కాపురమున్న స్వగృహాన్ని విడిచిపెట్టి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు.

ఆయనను ఎవరూ తరమలేదు. ఉండిపోతే యెవరూ వద్దనరు. ఆ వూళ్ళో ఉండిపోయిన తెలుగువారు వేలమంది. వారి మనుమలూ మునిమనుమలూ యీనాటికీ అక్కడే వుండి తెలుగు మాట్లాడుతూనే వున్నారు. "ఈ వయస్సులో యెందుకండీ!" అని అన్నవాళ్ళూ వుండే వుంటారు. కాని తాను ఓడిపోయిన తీర్పు కింద, తన బడి వున్న వూళ్ళోనైనా సరే, ఒక్క పూట వుండడానికి ఆయనకు మనస్కరించలేదు. మొండితనమంటారా? అదే మొండితనం లేకపోతే సవర నిఘంటువూ లేదు, మనకీ వాడుకభాషా లేదు.

ఇదే తీరుగా కొండజాతి భాషనూ, ప్రవాసాన్నీ నొసట రాయించుకు పుట్టినవాడు మరొకడున్నాడు. ఆయన పేరు బ్రోనిస్లావ్ పిల్సూద్‌స్కీ. పోలండు దేశస్థుడు, మన పంతులుగారి కంటె మూడేళ్ళు చిన్న. అప్పటికి పోలండును పొరుగు రాజ్యాలు ముక్కలుగా పంచుకొని వున్నాయి. 1887లో రష్యా జారు చక్రవర్తిని చంపడానికి పన్నిన కుట్రలో చిక్కాడు. లెనిన్ అన్నగారిని ఉరితీసింది కూడా ఆ కేసులోనే. ఇతనికి ఉరి తప్పి, సఖలిన్ దీవిలో పదిహేనేళ్ళ కఠినశిక్ష పడింది. ఆ మంచు దీవిలో ఐను, గిల్యాక్ అనే ఆదివాసుల భాషలు నేర్చుకున్నాడు. వారి పిల్లలకు బడులు పెట్టాడు. 1902–03లో మైనపు గొట్టాల మీద ఐనుల పాటలు పట్టాడు. ఐను పిల్లను పెళ్ళాడి, యిద్దరు బిడ్డల తండ్రై, చివరకు వారిని అక్కడే విడిచి ఒంటరిగా యూరపు చేరాడు. ఐను భాష మీద ఆయన గ్రంథం 1912లో క్రాకవ్ నగరంలో అచ్చయింది. 1918 మే నెలలో పారిస్‌లో సేన్ నదిలో ఆయన శవం దొరికింది. ఆరు నెలలు గడిచేసరికి పోలండుకు స్వాతంత్ర్యం వచ్చింది. దేశానికి అధినేత అయినవాడు ఆయన స్వంత తమ్ముడు యూజెఫ్ పిల్సూద్‌స్కీ.

ఇద్దరి కథా ఒకటే అనను. అతనికి ముందు ప్రవాసం, ఆ ప్రవాసంలో దొరికిన భాష. ఈయనకు ముందు భాష, ఆ భాష వున్న కొండలకు దూరమైన ప్రవాసం. అతణ్ణి చక్రవర్తి పంపాడు. ఈయన తనను తానే పంపుకున్నారు. అతడు పోయింది భూమి చివరకు; ఈయన వచ్చింది గోదావరి గట్టుకు, తెలుగువారి నడిబొడ్డుకు. అయినా, బండెక్కి కొండ చూసివద్దామన్నా అక్కడ కొండా లేదు, సంతకు వచ్చే సవరా లేడు.

సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చై వచ్చింది. ముందరి పుస్తకాలు పర్లాకిమిడిలో వున్నవాడివి. ఇది రాజమహేంద్రవరంలో వున్నవాడిది. ఆ యేడే ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ యిచ్చి గౌరవించింది. 1940 జనవరి 15వ తేదీన మద్రాసులో ప్రజామిత్ర కార్యాలయంలో పత్రికా సంపాదకుల ముందు మాట్లాడుతూ వాడుకభాష కోసం చివరిసారిగా విన్నపం చేశారు. అప్పటికి పత్రికల్లో వాడుకభాషకు దారితీసిన తాపీ ధర్మారావుగారు పర్లాకిమిడిలో ఆయన శిష్యుడే. వారం తిరిగేసరికి, జనవరి 22న, పంతులుగారు కన్నుమూశారు.

చిత్రమేమిటంటే, ఆయన పర్లాకిమిడి విడిచిన 1936లోనే, రెండున్నర నెలల తరవాత, జూన్ 18న, సవరల్లోనే పుట్టిన మంగెయి గొమాంగో అనే యువకుడు సవరభాషకు సొంత లిపి ప్రకటించాడు. సొరంగ్ సొంపెంగ్ అని దాని పేరు. అతనికి అప్పటికి యిరవై యేళ్ళు. ఒకరికొకరు యెదురుపడి వుంటే ఆ ముసలాయనా యీ కుర్రవాడూ యేం మాట్లాడుకొని వుందురో! 2012లో ఆ లిపికి కంప్యూటర్ల యూనికోడులో స్థానం దొరికింది. రాజావారి సంగతి కూడా చెప్పాలి. 1937లో ఆయన ఒడిశాకు మొదటి ప్రధానమంత్రి అయ్యారు. 1992లో పర్లాకిమిడి ముఖ్యపట్టణంగా యేర్పడిన జిల్లాకు ఆయన పేరుమీదనే గజపతి జిల్లా అని పేరు పెట్టారు. అవతలి గట్టున ఆయన జాతినిర్మాత. ఇవతలి గట్టున పంతులుగారు భాషానిర్మాత. ఎవరి దండలు వారివి.

మహేంద్రతనయ అనే చిన్న యేరు దాటితే పర్లాకిమిడి నుంచి మన పాతపట్నం వచ్చేస్తుంది. ఆ హద్దు యేర్పరచినప్పుడు తెలుగువారినీ ఒడియావారినీ లెక్కపెట్టారు గాని, కొండమీది సవరలను ఎటు వుంటారని అడిగినవారు లేరు. ఒకే తెగ, ఒకే పెళ్ళి సంబంధాలు, రెండు రాష్ట్రాలు. 2004 ప్రాంతంలో మన ప్రభుత్వం కొన్ని గిరిజన భాషల్లో ప్రాథమిక చదువు ప్రారంభించినప్పుడు సవర వాచకాలు తెలుగు లిపిలో వచ్చాయి; అంటే పంతులుగారు వేసిన మొదటి బాటలోనే అన్నమాట. ఆ కొండకు అవతల బడిపిల్లలు నేర్చేది ఒడియా అక్షరాలు. క్రైస్తవ మిషనువారు అచ్చువేసిన సవర పుస్తకాలు రోమన్ లిపిలో వుంటాయి. గొమాంగో అనుయాయులు సొరంగ్ సొంపెంగ్‌ను దేవుడిచ్చిన లిపిగా పూజిస్తారు. సీతంపేట వైపు ఆడపిల్ల గుణుపురం వైపు మేనత్తకు సవరలో ఉత్తరం రాస్తే, ఆ మేనత్త కొడుకు దాన్ని చదవలేడు. ఫోను తీసి మాట్లాడితే మాత్రం ఇద్దరికీ ఒక్క ముక్క తేడా లేకుండా అర్థమవుతుంది.